ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు వెబ్‌సైట్‌ను కొత్తవారికి అర్థమయ్యేలా సర్దడం ఎలా?

డెబియన్ లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ 1993 నుంచి ఉంది. ఉబుంటును దాని మీదే కట్టారు. ప్రపంచంలో ఎన్నో సర్వర్లు దాని మీద నడుస్తున్నాయి. అయినా చాలా ఏళ్లపాటు దాని హోమ్ పేజీ తెరిచిన కొత్తవారికి ముందుగా కనిపించేది లింకుల జాబితాలే. 2020 డిసెంబరులో ఆ పేజీని మార్చారు. ఇప్పుడు పైన ఒక పెద్ద డౌన్‌లోడ్ బటన్ ఉంటుంది. నొక్కితే మామూలు 64 బిట్ పీసీకి సరిపోయే ఇన్‌స్టాలర్ దిగుతుంది. మిగతా ఆర్కిటెక్చర్లు (వేరే రకం ప్రాసెసర్లకు చేసినవి), లైవ్ ఇమేజ్‌లు (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూసేవి), పెద్ద సైజు ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. కావాలనుకునేవారికి వేరే లింకులో దొరుకుతాయి.

అక్కడ జరిగిన అసలు పని ఏమిటంటే, ఎక్కువమందికి ఏది సరిపోతుందో ప్రాజెక్టే తేల్చేసింది. ఆ భారాన్ని కొత్తగా వచ్చినవారి నెత్తిన పెట్టడం మానేసింది. మీ సైట్‌ను సరళం చేయాలనుకుంటే మీరూ ఈ పనే చేయాలి. వచ్చినవారికి ఎక్కడెక్కడ నిర్ణయం తీసుకోవాల్సి వస్తోందో వెతకండి. వాటిలో మీరు తీసుకోగలిగినవన్నీ వాళ్ల తరఫున మీరే తీసుకోండి. రంగులు, ఫాంట్లు, బొమ్మలు ఆ తర్వాత చూసుకోవచ్చు.

ముందు ఒకరి పక్కన కూర్చోండి

ఎడిటర్ తెరవకముందే ఒక మనిషిని వెతకండి. మీ సాఫ్ట్‌వేర్ అవసరం ఉండి, దాని పేరు ఇప్పటివరకు విననివారైతే మంచిది. ఫొటోలు సరిచేసే ప్రోగ్రామ్ అయితే ఊళ్లో స్టూడియో నడిపే ఫొటోగ్రాఫర్, ఆఫీస్ సూట్ అయితే డీటీపీ సెంటర్‌లో పనిచేసే అమ్మాయి, ప్రోగ్రామింగ్ లైబ్రరీ అయితే బీటెక్ రెండో సంవత్సరం విద్యార్థి. ప్రాజెక్టులో ఉన్నవాళ్లు దీనికి పనికిరారు. దారి తెలిసిన కాళ్లకు గుంతలు తగలవు.

"డౌన్‌లోడ్ పేజీ ఎక్కడుందో చూపించు" అని అడగకండి. అలా అడిగితే ఏ పదం కోసం వెతకాలో మీరే చెప్పేసినట్టు అవుతుంది. "ఈ ప్రోగ్రామ్ నీ కంప్యూటర్లో పెట్టుకుని, ఈ ఫైలు తెరిచి చూపించు" అనండి. ఆ తర్వాత నోరు మెదపకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు. ఎదుటి మనిషి తప్పు లింకు నొక్కుతుంటే చెయ్యి ఆగదు. "ఇదేనా అన్నా నొక్కాల్సింది?" అని అడిగితే, "నేను పక్కన లేకపోతే ఏం చేసేవాడివి?" అని మాత్రం అనండి. ఎక్కడ ఆగారు, ఏ మాట పైకి చదివి తెల్లమొహం వేశారు, ఎక్కడ బ్యాక్ బటన్ నొక్కారు అన్నవి రాసుకోండి. ఒప్పుకుంటే స్క్రీన్ రికార్డు చేయండి, తర్వాత చాలా అవసరపడుతుంది.

పెద్ద సర్వే అక్కర్లేదు. ఒకేసారి ఎక్కువమందితో పరీక్షించే బదులు, ఐదుగురితో చూసి, సరిచేసి, మళ్లీ చూడడం మేలని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే వాదించాడు. మీ సైట్‌లో పెద్ద చిక్కు ఉంటే మొదటి ఇద్దరి దగ్గరే దొరికిపోతుంది.

మొదటి వాక్యం

"మాడ్యులర్, ఎక్స్‌టెన్సిబుల్, క్రాస్ ప్లాట్‌ఫామ్ ఫ్రేమ్‌వర్క్" అని మొదలయ్యే హోమ్ పేజీలు ఎన్నో. అందులో తప్పేమీ లేదు, కానీ అది తోటి డెవలపర్లకు చెప్పే మాట. కొత్తగా వచ్చినవారు మూడు విషయాలు తెలుసుకుందామని వస్తారు. ఇదేం చేస్తుంది, నా కంప్యూటర్లో పనిచేస్తుందా, డబ్బు కట్టాలా. లిబ్రే ఆఫీస్ గురించి రాయాలంటే ఇలా రాయొచ్చు: "ఉత్తరాలు, లెక్కల పట్టికలు, స్లైడ్లు తయారు చేసుకునే ఆఫీస్ సాఫ్ట్‌వేర్. విండోస్, మ్యాక్, లినక్స్‌లో పనిచేస్తుంది. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను తెరుస్తుంది. డబ్బు కట్టనక్కర్లేదు." నాలుగు చిన్న వాక్యాలు చాలు. దాని కింద ప్రోగ్రామ్ పనిచేస్తుండగా తీసిన ఒక స్క్రీన్‌షాట్ పెట్టండి. కమాండ్ లైన్ టూల్ అయినా సరే, కమాండ్ ఇస్తే ఏం వచ్చిందో చూపించే టెర్మినల్ బొమ్మ ఒకటి ఉండాలి.

లైసెన్సు, చరిత్ర, ఫౌండేషన్, స్పాన్సర్లు ముఖ్యమే. అవి పరిచయం పేజీలో ఉంటే చాలు.

డౌన్‌లోడ్ బటన్ దగ్గర ఎక్కువసేపు ఆగండి

కొత్తవారు ఎక్కువగా తప్పిపోయేది ఇక్కడే. మీ సమయంలో సగం దీనికే ఇవ్వండి.

డెబియన్ ఫైలు పేర్లలో ఏఎండీ64 అన్న మాట ఉంటుంది. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌కీ అదే ఫైలు. 64 బిట్ సూచనలను మొదట తెచ్చింది ఏఎండీ కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. ఈ సంగతి తెలియనివారు తమ ల్యాప్‌టాప్ మీద ఇంటెల్ స్టిక్కర్ చూసుకుని, ఆ ఫైలు తమది కాదనుకుని వేరేది ఎంచుకుంటారు. అది ఇన్‌స్టాల్ కాదు. తమకే చేతకాలేదనుకుని వెళ్లిపోతారు. వాళ్లు ఎందుకు వెళ్లిపోయారో ప్రాజెక్టుకు ఎప్పటికీ తెలియదు. మీ సైట్‌లో ఇలాంటి పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఆర్కిటెక్చర్ పేర్లు, ఫైలు ఎక్స్‌టెన్షన్లు, స్టేబుల్ (నిలకడైనది), నైట్లీ (రోజూ తయారయ్యే పరీక్ష వెర్షన్), ఎల్‌టీఎస్ (చాలాకాలం మద్దతు ఉండేది) వంటి మాటలు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

లిబ్రే ఆఫీస్ డౌన్‌లోడ్ పేజీలోనూ చాలాకాలం రెండు వెర్షన్లు పక్కపక్కన ఉండేవి. ఒకటి కొత్త సదుపాయాలు కోరేవారికి, ఇంకొకటి జాగ్రత్తగా నడిచే సంస్థలకు. రెండూ ఇవ్వడానికి సరైన కారణాలే ఉన్నాయి. కానీ ఇంట్లో ఒక దరఖాస్తు టైపు చేసుకోవాలనుకునే మనిషికి ఆ రెండు నంబర్ల మధ్య తేడా తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు. మీ ప్రాజెక్టుకూ ఇలా రెండు మూడు వెర్షన్లు ఉంటే ఒకదాన్ని ముందుకు తెచ్చి, మిగతావాటిని "ఇతర వెర్షన్లు" అన్న చిన్న లింకు కిందికి పంపండి.

ఇక బటన్ సంగతి. వచ్చినవారు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వాడుతున్నారో బ్రౌజర్ చెబుతుంది. ఫైర్‌ఫాక్స్, పైథాన్ సైట్లు దాన్ని చూసుకునే సరైన ఫైలు ముందు పెడతాయి. మీరూ అలాగే చేయండి, కానీ బ్రౌజర్ చెప్పేదాన్ని పూర్తిగా నమ్మకండి. మ్యాక్‌లో ప్రాసెసర్ యాపిల్ సొంత ఎం1 అయినా, అంతకన్నా కొత్తదైనా బ్రౌజర్ తన యూజర్ ఏజెంట్‌లో (సైట్‌కు తన గురించి చెప్పుకునే వరుసలో) ఇంటెల్ మ్యాక్ అనే చెప్పుకుంటుంది. కాబట్టి మ్యాక్‌కు రెండు రకాలకూ పనిచేసే ఒకే ఫైలు ఇవ్వడం అన్నిటికన్నా మంచిది. అది కుదరకపోతే రెండు బటన్లు పెట్టి, యాపిల్ మెనూలో మొదటి వరుస నొక్కితే తమది ఏ చిప్పో కనబడుతుందని పక్కనే ఒక వాక్యం రాయండి. జావాస్క్రిప్ట్ పనిచేయకపోతే ఆ బటన్ అన్ని డౌన్‌లోడ్లూ ఉన్న పేజీకి వెళ్లాలి. ఏమీ జరగకుండా ఊరుకోకూడదు.

బటన్ మీద గానీ కింద గానీ వెర్షన్ నంబరు, ఏ సిస్టమ్‌కి, ఫైలు సైజు ఎంత అన్నవి రాయండి. మొబైల్ డేటాతో హాట్‌స్పాట్ పెట్టుకుని దించుకునే విద్యార్థికి సైజు ముందే తెలియాలి.

ఫోన్‌లో సైట్ చూసేవారిని మర్చిపోతుంటాం. మన దగ్గర చాలామంది సాఫ్ట్‌వేర్ పేరు వాట్సాప్‌లో చూసి, అక్కడే నొక్కి, ఫోన్‌లోనే సైట్ తెరుస్తారు. వాళ్లకు విండోస్ ఇన్‌స్టాలర్ అంటగడితే ఫోన్‌లో ఒక పనికిరాని ఫైలు దిగుతుంది, డేటా కూడా పోతుంది. ఆండ్రాయిడ్ నుంచి వచ్చినవారికి "ఇది కంప్యూటర్లో వాడేది. ఈ లింకును మీకే పంపుకోండి" అని ఒక షేర్ బటన్ చూపించండి. చేయడానికి గంట కూడా పట్టని పని.

ఇంకొక ముఖ్యమైన విషయం. కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్‌లోని రిలీజుల పేజీనే డౌన్‌లోడ్ పేజీగా వాడకండి. ప్రతి రిలీజుకీ గిట్‌హబ్ తనంతట తానే సోర్స్ కోడ్ జిప్ ఒకటి, టార్ ఒకటి చేరుస్తుంది. మీరు పెట్టిన ఇన్‌స్టాలర్ల పేర్లలో నంబర్లు, గీతలు, ఆర్కిటెక్చర్ మాటలు ఉంటాయి. ఆ వరుసలో మామూలు మాటల్లా కనబడేది "సోర్స్ కోడ్" ఒక్కటే. అందుకే కొత్తవారు దాన్నే దించుకుంటారు. జిప్ విప్పి చూస్తే నొక్కడానికి ఏమీ ఉండదు. ఫైళ్లు గిట్‌హబ్‌లోనే ఉండనివ్వండి. మీ పేజీలోని బటన్ మాత్రం సరిగ్గా ఆ ఒక్క ఫైలుకే వెళ్లాలి.

ఆ బటన్ పక్కన ప్రకటనలు ఉండకూడదు. 2013లో ఫొటోలు సరిచేసే గింప్ ప్రాజెక్టు తన విండోస్ ఇన్‌స్టాలర్లను సోర్స్‌ఫోర్జ్ అనే డౌన్‌లోడ్ సైట్ నుంచి తీసేసింది. అసలు డౌన్‌లోడ్ బటన్‌లా కనబడే ప్రకటనలు అందుకు ఒక కారణం. నమ్మి వచ్చినవారిని ఇంకెక్కడికో పంపే పేజీ ఎంత డబ్బు తెచ్చినా మనకు వద్దు.

ఫైలు దిగాక ఏం జరుగుతుంది?

చాలా సైట్లు ఇక్కడితో చేతులు దులుపుకుంటాయి. కొత్తవారికి అసలు టెన్షన్ ఇక్కడ మొదలవుతుంది. తయారుచేసినవారి డిజిటల్ సంతకం లేని ప్రోగ్రామ్ అయితే విండోస్ నీలం రంగు హెచ్చరిక చూపిస్తుంది. అందులో ముందుకు వెళ్లే బటన్ వెంటనే కనబడదు, "మోర్ ఇన్ఫో" నొక్కితేనే వస్తుంది. మ్యాక్‌లో ఇంకా కష్టం. పూర్వం ఐకాన్ మీద కంట్రోల్ క్లిక్ చేసి తెరవగలిగేవారు. 2024లో వచ్చిన సెకోయా వెర్షన్ నుంచి ఆ దారి మూసేశారు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, సెక్యూరిటీ భాగానికి వెళ్లి అనుమతి ఇవ్వాలి.

బటన్ నొక్కగానే తెరుచుకునే ఒక పేజీ తయారు చేయండి. "ఫైలు దిగుతోంది. దిగాక ఇలా చేయండి" అని మొదలుపెట్టి, ఆ సిస్టమ్‌లో వచ్చే తెరలు వచ్చే వరుసలోనే చూపించండి. హెచ్చరిక వచ్చేదైతే వస్తుందని ముందే చెప్పి, ఎందుకు వస్తుందో రెండు వాక్యాల్లో వివరించండి. ఫైలును మీ సైట్ నుంచే దించుకున్నట్టయితేనే ముందుకు వెళ్లమని కూడా రాయండి. హెచ్చరికలన్నీ కళ్లు మూసుకుని దాటేయడం జనానికి మనం నేర్పకూడదు.

అంతకన్నా మేలైన దారి సంతకం చేయించడం. యాపిల్ డెవలపర్ సభ్యత్వానికి ఏడాదికి 99 డాలర్లు అవుతుంది. విండోస్ ప్రోగ్రామ్‌ల విషయంలో, తన షరతులకు సరిపోయే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు సైన్‌పాత్ ఫౌండేషన్ ఉచితంగా సంతకం చేసి పెడుతుంది. విరాళాలు అందే ప్రాజెక్టు అయితే వాటిని ముందుగా ఖర్చు చేయాల్సింది దీని మీదే అని నా అభిప్రాయం. చెక్‌సమ్‌లు (దించిన ఫైలు మారలేదని సరిచూసుకునే కోడ్‌లు) తప్పకుండా ఇవ్వండి, కానీ ఇతర వెర్షన్ల పేజీలో. బటన్ పక్కనే 64 అక్షరాల తోక కనబడితే, దాంతో ఏదో చేయాలేమోనని కొత్తవారు ఆగిపోతారు.

డాక్యుమెంటేషన్

డానియెల్ ప్రొసీదా అనే డాక్యుమెంటేషన్ నిపుణుడు చేసిన విభజన ఇక్కడ బాగా పనికొస్తుంది. నేర్చుకోవడానికి ట్యుటోరియల్, ఒక పని చేయడానికి గైడ్, వెతుక్కోవడానికి రిఫరెన్స్, అర్థం చేసుకోవడానికి వివరణ. ఈ నాలుగింటినీ కలిపేస్తే ఎవరికీ ఉపయోగపడదు. కొత్తవారికి కావాల్సింది మొదటిది. అదీ ఒక్కటే ఉండాలి, "ఇక్కడ మొదలుపెట్టండి" అన్న పేరుతో కనబడాలి. పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో ప్రాజెక్టు ఏళ్ల తరబడి ఇదే చేస్తోంది. చిన్న పోల్ అప్లికేషన్ ఒకటి మొదటి నుంచి చివరిదాకా కట్టిస్తుంది. మధ్యలో "ఇది ఇలా కూడా చేయొచ్చు, అలా కూడా చేయొచ్చు" అని దారి మళ్లించదు. ట్యుటోరియల్ రాసేటప్పుడు మీ చెయ్యి దురద పెట్టేది అక్కడే. రెండో పద్ధతి గురించి రాయాలనిపిస్తే రాయండి, కానీ అది గైడ్లలోకి వెళ్లాలి.

కమాండ్ల ముందు డాలర్ గుర్తు పెట్టకండి. అది టెర్మినల్ చూపించే గుర్తని మనకు తెలుసు. కొత్తవారు దాన్ని కూడా కాపీ చేసి పేస్ట్ చేస్తారు, కమాండ్ దొరకలేదని ఎర్రర్ వస్తుంది. ప్రతి కమాండ్ తర్వాత తెరమీద ఏం కనబడాలో చూపించండి. సరిగ్గా జరిగిందో లేదో వాళ్లకు తెలిసే దారి అదొక్కటే.

గూగుల్‌లో వెతికితే పాత వెర్షన్ పేజీలు ముందు వస్తుంటాయి. ప్రతి పాత పేజీ పైన "ఇది పాత వెర్షన్ గురించి" అని ఒక పట్టీ, కొత్త పేజీకి లింకు, హెచ్‌టీఎంఎల్‌లో అసలు పేజీ ఏదో గూగుల్‌కు చెప్పే కెనానికల్ ట్యాగ్ పెట్టండి.

సహాయం అడిగే చోటు కూడా ఒక్కటే చూపించండి. మ్యాట్రిక్స్, డిస్కార్డ్, టెలిగ్రామ్, ఐఆర్‌సీ లాంటి చాట్ వేదికలన్నీ వరుసగా పేర్చి ఏదో ఒకటి ఎంచుకోమంటే, జనం ఎవరూ లేని చోటికి వెళ్లి ప్రశ్న వేసి జవాబు రాక వెనక్కి పోతారు. 2021 మేలో చాలా ప్రాజెక్టులు ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్క్‌ను వదిలి లిబెరా చాట్‌కు మారాయి. ఆ తర్వాత కూడా పాత చిరునామా చెప్పే పేజీలు మిగిలే ఉన్నాయి. మీ సైట్‌లో ఫ్రీనోడ్ అన్న మాట కోసం ఒకసారి వెతకండి.

చెయ్యి వేద్దామని వచ్చేవారు వేరు

వాడుకోవడానికి వచ్చినవారినీ, పని చేయడానికి వచ్చినవారినీ ఒకే దారిలో నడిపించకండి. కోడ్ నుంచి బిల్డ్ చేసే పద్ధతి ఇన్‌స్టాల్ పేజీలో కనబడిందంటే, వాడుకుందామని వచ్చినవారు తాము కూడా అదంతా చేయాలేమోనని భయపడతారు. దానికి వేరే పేజీ ఇవ్వండి. ఆ పేజీలో గిట్‌హబ్ "గుడ్ ఫస్ట్ ఇష్యూ" (కొత్తవారు మొదట చేయదగ్గ పని) లేబుల్ ఉన్న పనులకు లింకు పెట్టి, అవి నిజంగా చిన్నవేనా, ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయా అని నెలకోసారి చూడండి. ఎప్పుడో పూర్తయిన పనిని ఎత్తుకుని వారాంతం వృథా చేసుకున్న విద్యార్థి మళ్లీ రాడు. కోడ్ రానివారు చేయగలిగిన అనువాదం, స్క్రీన్‌షాట్లు, బగ్ రిపోర్టుల పరీక్ష లాంటివి కూడా అక్కడే చెప్పండి.

తోటివారిని ఒప్పించడం

సాంకేతికంగా ఇప్పటివరకు చెప్పినదంతా కొన్ని వారాంతాల్లో అయిపోతుంది. ఆలస్యమయ్యేది ఇక్కడ. ప్రతి ఉపబృందానికీ తన లింకు హోమ్ పేజీలో ఉండాలనే ఉంటుంది. కాదనలేక ఒక్కొక్కటీ చేర్చుకుంటూ పోతారు. చివరికి ఆ పేజీ, చుట్టాలందరి పేర్లూ వేసి వధూవరుల పేర్లు వెతుక్కోవాల్సిన శుభలేఖలా తయారవుతుంది.

ఎవరి లింకూ తీసేస్తానని మొదలుపెట్టకండి. అన్ని లింకులూ ఉండే ఒక పేజీ ముందుగా తయారు చేసి, పాతవారు దాన్నే బుక్‌మార్క్ చేసుకోవచ్చని చెప్పండి. పేజీలు మారినా పాత చిరునామాలు 301 రీడైరెక్టుతో (పేజీ శాశ్వతంగా మారిందని బ్రౌజర్‌కు చెప్పే పద్ధతితో) కొత్త చోటికి చేరేలా చూడండి. పదేళ్ల కింద ఎవరో ఇచ్చిన లింకు విరిగితే ఆ కోపం మీ మార్పు మీదకు వస్తుంది. ఒకేసారి కొత్త సైట్ మొత్తం చూపిస్తే వాదన రంగుల దగ్గర ఆగిపోతుంది. డౌన్‌లోడ్ బటన్ ఒక్కటే ఒక మార్పుగా పంపండి. అది ఆమోదం పొందాక మొదటి వాక్యం, ఆ తర్వాత దిగాక వచ్చే పేజీ.

వాదన ముదిరితే రికార్డు చేసిన వీడియో పెట్టండి. మూడు నిమిషాలపాటు ఒక మనిషి తమ పేజీలో దారి వెతుక్కోలేక తిరగడం చూస్తే, ప్రాజెక్టును చూసుకునే మెయింటెయినర్ ఎంత పాతవారైనా మెత్తబడతారు. వాళ్లకు ఆ సాఫ్ట్‌వేర్ మీద ప్రేమ ఉంది కాబట్టే ఇన్నేళ్లు ఉచితంగా పనిచేశారు. ఆ ప్రేమ బయటివారికి చేరడం లేదని కళ్లారా చూడడం వాళ్లకు కూడా బాధే. చూపించే ముందు వీడియోలో ఉన్న మనిషి అనుమతి తీసుకోండి, పేరు చెప్పకండి.

తెలుగు పేజీ పెడితే

సైట్ మొత్తం అనువదించాలని కూర్చుంటే సగంలో ఆగిపోతుంది. మొదట హోమ్ పేజీ, ఫైలు దిగాక వచ్చే పేజీ, మొదటి ట్యుటోరియల్ చాలు. ఆ మూడూ పూర్తిగా తెలుగులో ఉండాలి.

డెబియన్ సైట్ బ్రౌజర్ చెప్పిన భాషను బట్టి పేజీ ఇస్తుంది. పద్ధతి మంచిదే, కానీ తెలుగువారి బ్రౌజర్లు ఎక్కువగా ఇంగ్లీషు సెట్టింగుతోనే ఉంటాయి. తెలుగు పేజీ ఉన్నా వాళ్లకు కనబడదు. అందుకే పేజీ పైభాగంలోనే "తెలుగు" అని తెలుగు లిపిలో ఒక లింకు ఉండాలి. భాషకు జెండా బొమ్మ, ఊరిని బట్టి భాష మార్చడం రెండూ వద్దు. హైదరాబాద్‌లో ఉర్దూ చదివేవారూ ఉన్నారు, డాలస్‌లో తెలుగు చదివేవారూ ఉన్నారు.

ఇంగ్లీషుకు సరిపోయిన లైన్ హైట్‌లో తెలుగు ఇరుక్కుపోతుంది. పై వరుస వత్తులు, కింది వరుస గుడులు ఒకదానికొకటి తగులుతాయి. 1.6 లేదా అంతకన్నా ఎక్కువ ఇచ్చి చూడండి. అక్షరాల మధ్య ఖాళీ పెంచే లెటర్ స్పేసింగ్, ఇటాలిక్ తెలుగు పేజీలో తీసేయండి. పేజీ భాష తెలుగని హెచ్‌టీఎంఎల్ లాంగ్ యాట్రిబ్యూట్‌లో చెప్తే స్క్రీన్ రీడర్ సరైన గొంతుతో చదువుతుంది. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి స్వేచ్ఛా ఫాంట్లు ఉన్నాయి. అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5కి 1 ఉండాలి, లేత బూడిద రంగు అక్షరాలు ఎండలో ఫోన్ పట్టుకున్నవారికి కనబడవు.

ప్రోగ్రామ్ మెనూలు ఇంగ్లీషులోనే ఉంటే తెలుగు గైడ్‌లో ఆ పేర్లను అనువదించకండి. తెరమీద ఏ పేరు ఉందో అదే రాయండి.

రిలీజు రోజున

సైట్ పాడయ్యేది ఎక్కువగా కొత్త వెర్షన్ వచ్చిన రోజునే. బటన్ పాత ఫైలుకే వెళ్తుంటుంది, స్క్రీన్‌షాట్‌లో ఉన్న మెనూ ఇప్పుడు ఉండదు, ట్యుటోరియల్‌లో మూడో కమాండ్ పనిచేయదు. రిలీజు చెక్‌లిస్టులో నాలుగు పనులు చేర్చండి. విండోస్, మ్యాక్, ఆండ్రాయిడ్ ఫోన్ మూడింటి నుంచీ బటన్ నొక్కి చూడడం. దిగాక వచ్చే పేజీలోని తెరలు నిజంగా వస్తున్న తెరలతో పోల్చడం. ఖాళీ వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్ లాంటిది) ట్యుటోరియల్ కమాండ్లన్నీ పేస్ట్ చేసి నడపడం. లింక్ చెకర్‌తో విరిగిన లింకులు పట్టుకోవడం. చివరి రెండింటినీ ఆటోమేషన్‌కు అప్పగించవచ్చు. మొదటి రెండింటికి మాత్రం ఒక మనిషి కావాలి. ఈ విడతకు అది ఎవరి పనో ముందే పేరు రాసి పెట్టుకోండి, లేకపోతే ఎవరో ఒకరు చేస్తారులే అనుకుని ఎవరూ చేయరు.